రీడింగ్ తీసే మనిషి రాడు, మరి మీటరు ఎవరి పేరున ఉంది?

మహారాష్ట్రలో కరెంటు మీటర్లు మారుతున్నాయి. నెలకోసారి మనిషి వచ్చి అంకెలు చూసి ఫోటో తీసుకొని పోయే పద్ధతి పోతున్నది. మీటరే తన లెక్కను ఆఫీసుకు పంపుకొనే పద్ధతి వస్తున్నది. మహావితరణ్ 2023 ఆగస్టులో రెండు కోట్లకు పైగా స్మార్ట్ మీటర్ల పనిని కంపెనీలకు అప్పగించింది. ప్రీపెయిడ్ మీద గొడవ పెరిగాక, 2024 జూన్‌లో అప్పటి ఉప ముఖ్యమంత్రి, ఇంధన శాఖ కూడా చూస్తున్న దేవేంద్ర ఫడ్నవీస్, మామూలు వినియోగదారులకు ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టబోమని చెప్పారు. ఆ మాటతో ఆగింది ముందే డబ్బు కట్టించుకునే పద్ధతి మాత్రమే. తనంతట తాను లెక్క పంపే మీటర్లు ఆగలేదు.

పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో, గాలాల ముందు చాయ్ దగ్గర ఈ మాట వచ్చినప్పుడల్లా మాకు మూడు ప్రశ్నలు వినిపిస్తున్నాయి. కొత్త మీటరు వేగంగా తిరుగుతుందా? చెప్పకుండా కరెంటు కోసేస్తారా? మాకొద్దు అనొచ్చా? మూడింటికీ జవాబులున్నాయి, రాస్తాం. కానీ అడగాల్సిన నాలుగో ప్రశ్నను ఎవరూ అడగడం లేదు. మీటరు ఎవరి పేరున ఉంది, దాని మీద మంజూరైన లోడు ఎంత? మనకు దెబ్బ తగిలితే అక్కడే తగులుతుందని మా అభిప్రాయం.

ముందుగా ఎవరు ఎవరో తెలుసుకోవాలి. భివండీలో మనకు బిల్లు ఇచ్చేది టోరెంట్ పవర్. కానీ లైసెన్సు దానిది కాదు, మహావితరణ్‌ది. 2007 జనవరి 26 నుంచి టోరెంట్ ఇక్కడ ఫ్రాంచైజీగా ఉంది, 2017లో ఒప్పందం మరో పదేళ్ళకు సాగింది. రేటు కట్టేది వీళ్ళిద్దరిలో ఎవరూ కాదు, మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. కేంద్రం నియమాలు వీళ్ళందరి పైన ఉంటాయి. మనవాళ్ళు కౌంటర్‌లో కూర్చున్న పిల్లవాడితో రేటు గురించి గంటసేపు కొట్లాడి వస్తుంటారు. ఆ పిల్లవాడి చేతిలో రేటు లేదు.

2007 సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక ఊరి కరెంటు పంపిణీని ఇలా ఫ్రాంచైజీకి ఇవ్వడం దేశంలో అదే మొదటిసారి. అప్పటికి ఈ సర్కిల్‌లో నష్టాలు 58 శాతం. అంటే వంద రూపాయల కరెంటు ఇస్తే 42 రూపాయలు తిరిగొచ్చేది. ట్రాన్స్‌ఫార్మర్లు ఏడాదికి నూటికి 40కి పైగా కాలిపోయేవి. నాలుగైదేళ్ళలో నష్టం 20 శాతం లోపుకు దిగింది. తీగలు మార్చారు, ట్రాన్స్‌ఫార్మర్లు పెంచారు, మీటర్లు మార్చారు, తనిఖీలు చేశారు. కరెంటు నిలకడగా వచ్చాక సాంచాలు నిలకడగా ఆడాయి, ఆ మాట ఒప్పుకోవాలి. విద్యుత్ చట్టంలో దొంగతనానికి సంబంధించిన సెక్షన్ 135 అనే అంకె, చదువు రాని ఇళ్ళలో కూడా నోటికొచ్చింది ఆ రోజుల్లోనే. మీటరు మారడమంటే మన ఊళ్ళో డబ్బా మారడం ఒక్కటే కాదని అప్పుడే చూశాం.

ఇక కొత్త మీటరు ఏం చేస్తుంది? పావుగంటకో అరగంటకో ఒకసారి ఎంత కరెంటు పోయిందో రాసిపెట్టుకుంటుంది. లోపల సిమ్ ద్వారానో, చుట్టుపక్కల మీటర్లతో కలిసిన రేడియో ద్వారానో ఆ లెక్కను ఆఫీసు కంప్యూటర్‌కు పంపుతుంది. మూత తెరిచినా, న్యూట్రల్ తీసినా, అయస్కాంతం దగ్గర పెట్టినా తేదీ, సమయంతో సహా నమోదు చేస్తుంది. ఇళ్ళలో పెట్టే మీటర్లలో లోపల స్విచ్ ఉంటుంది, ఆఫీసు నుంచే కరెంటు ఆపొచ్చు, తిరిగి ఇవ్వొచ్చు. ఎక్కువ లోడున్న, సీటీ పెట్టి నడిచే మీటర్లకు ఆ స్విచ్ ఉండదు.

వేగంగా తిరుగుతుందా అన్నదానికి జవాబు ఇది. పళ్ళచక్రం తిరిగే పాతకాలపు మీటర్లు వయసుతో నెమ్మదిస్తాయి. వాటి చోట కొత్తది వస్తే బిల్లు పెరగడం సహజం. కానీ మన ఊళ్ళో ఇప్పటికే ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్ మీటర్లే. ఇళ్ళలో పెట్టే రెండు రకాలకూ ఉన్న ప్రమాణం ఒకటే, క్లాస్ 1. కనుక ఎలక్ట్రానిక్ మీటరు తీసి స్మార్ట్ మీటరు పెడితే, వాడకం అంతే ఉండగా బిల్లు ఒకటిన్నర రెట్లయిందంటే దానికి వేరే కారణం ఉండాలి. అప్పుడు అరవడం కంటే ఒక దరఖాస్తు మేలు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం, రీడింగ్ వాడకానికి సరిపోవడం లేదని ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టాలి. కనీసం మూడు నెలలు రెండింటి లెక్కా చూడాలి. ఈ నియమం మన భాషలో ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాం.

చెప్పకుండా కోసేస్తారా? బిల్లు తర్వాత కట్టే పద్ధతిలో ఉన్నంతకాలం చట్టంలోని సెక్షన్ 56 మారలేదు. పదిహేను పూర్తి రోజుల లిఖిత నోటీసు లేకుండా బాకీ కోసం కరెంటు తీయకూడదు. స్విచ్ ఆఫీసులో ఉన్నంత మాత్రాన ఆ పదిహేను రోజులు పోవు.

మాకొద్దు అనొచ్చా అన్నదానికి జవాబు కొంచెం చేదుగా ఉంటుంది. మీటరు లేకుండా కరెంటు లేదని చట్టం అంటున్నది. ఏ రకం మీటరన్నది ఒక్కో ఇంటి ఇష్టానికి వదల్లేదు. ఊరంతా కలిసి అడిగితే ప్రభుత్వాలు వెనక్కి తగ్గుతాయి, అది వేరే సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూలైలో, ప్రజల అంగీకారం లేకుండా ఇళ్ళకు స్మార్ట్ మీటర్లు పెట్టబోమని అక్కడి ఇంధన మంత్రి గొట్టిపాటి రవికుమార్ చెప్పాల్సి వచ్చింది. తెలంగాణలో బోరు మోటార్లకు మీటర్లు పెట్టనివ్వనని కేసీఆర్ ఏళ్ళ తరబడి సభల్లో చెప్పారు. మీటరు రాజకీయం మన రెండు రాష్ట్రాలకు కొత్త కాదు. భివండీలో మనం పరాయి రాష్ట్రంలో ఓటు ఉన్న అల్పసంఖ్యాకులం. సభలో కేకల కంటే ఫైలులో కాగితం మనకు ఎక్కువ పని చేస్తుంది.

ఆ కాగితంలో మొదటిది లోడు. ఒక సాదా సాంచాకు ఒక హార్స్ పవర్ మోటారు అనుకుందాం. 24 సాంచాల గాలాకు 24 హెచ్‌పీ. కండెలు చుట్టే మిషను, ఫ్యాన్లు, లైట్లు కలిపితే 27 దగ్గరికి వస్తుంది. 27 హెచ్‌పీ అంటే 20 కిలోవాట్ల మీద చిటికెడు. ఈ అంకె ఊరికే చెప్పడం లేదు. కమిషన్ రేట్ల పట్టికలో మరమగ్గాలకు 20 కిలోవాట్ల లోపు ఒక వరుస, ఆపైన ఇంకో వరుస. ప్రభుత్వ రాయితీ కూడా 27 హెచ్‌పీ దగ్గరే విడిపోతుంది. 2024 మార్చిలో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకున్న అదనపు రాయితీ 27 హెచ్‌పీ లోపు యూనిట్‌కు రూపాయి, 27 దాటి 201 దాకా 75 పైసలు. గీత చిన్నదే, కానీ మన చిన్న కార్ఖానాలు చాలావరకు ఆ గీతకు అటో ఇటో ఆనుకునే ఉన్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. నాన్నగారు 24 సాంచాలకు లోడు రాయించారు. తర్వాత పక్క ఖాళీలో మరో నాలుగు దింపారు. ఆ తర్వాత కొడుకు రెండు సాంచాలు తీసేసి, సెకండ్ హ్యాండ్ రేపియర్ మగ్గం తెచ్చాడు. దాని మోటారు సాదా సాంచా మోటారుకు కొన్ని రెట్లు ఉంటుంది. మంజూరు కాగితం మాత్రం పాతదే. ఇన్నాళ్ళూ నెల మొత్తం మీద ఎన్ని యూనిట్లన్నదే అందరూ చూశారు. కొత్త మీటరు ఏ అరగంటలో ఎంత లాగామో కూడా చూపిస్తుంది. గరిష్ఠ డిమాండ్ అనేది అదే.

దీని మీద ఒక తప్పుడు భయం తిరుగుతున్నది. కరెంటు పోయి వచ్చినప్పుడు సాంచాలన్నీ ఒక్కసారి మొదలుపెడితే ఆ గుంజుడు మీటరులో పడి లోడు దాటుతుందని జాబర్లు అంటున్నారు. అలా కాదు. మోటారు మొదలయ్యే గుంజుడు కొన్ని సెకన్లది, డిమాండ్ లెక్క అరగంట సగటుది. భయపడాల్సింది ఎక్కువ సాంచాలు అరగంట పాటు కలిసి ఆడటం గురించే. అవి ఆడటానికే ఉన్నాయి కదా.

ఇక్కడ నియమం మనకు కొంత కాపు కాస్తుంది. కేంద్రం 2023 జూన్‌లో చేసిన సవరణ ప్రకారం, స్మార్ట్ మీటరు చూపిన గరిష్ఠ డిమాండ్‌ను పట్టుకొని అది పెట్టక ముందు కాలానికి జరిమానా వేయకూడదు. ఏదో ఒక నెల లోడు దాటితే ఆ నెల బిల్లు ఆ నెల డిమాండ్ ప్రకారం వస్తుంది, మంజూరు లోడు మాత్రం వెంటనే మార్చరు. ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు దాటితేనే మారుస్తారు. కొంచెం నిదానం దొరికిందని సంతోషించాలి. కానీ 28 సాంచాలు రోజూ ఆడే గాలాలో ఏప్రిల్, మే, జూన్ గడిస్తే ఆ మూడుసార్లూ అయిపోయినట్టే. వాళ్ళు మార్చే ముందే మనం రాసిచ్చి మార్పించుకుంటే డిపాజిట్ తేడా కట్టి బయటపడతాం. రాయితీ వరుస మారితే నెలకెంత తేడా పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. కొందరికి, రెండు సాంచాలు తగ్గించి 27 లోపు ఉండటమే లాభమని తేలుతుంది. ఆ లెక్క ఇంట్లో కూర్చొని మనం వేసుకోవాలి, ఆఫీసు వేసి పంపితే బిల్లు రూపంలోనే వస్తుంది.

అది ఎలా ఉంటుందో తెలియాలంటే సిరిసిల్లలో ఉన్న మన చుట్టాలను అడగండి. అక్కడ కరెంటు ఇచ్చేది కంపెనీ కాదు, 1970లో పెట్టిన సహకార సంఘం సెస్. డైరెక్టర్లను సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు. అయినా అక్కడ 10 హెచ్‌పీ గీత దగ్గర గొడవ వచ్చింది. 10 దాటిన సాంచాలను కుటీర పరిశ్రమ వర్గం నుంచి తీసి, వెనకటి కాలానికి తేడా లెక్కగట్టడంతో బ్యాక్ బిల్లింగ్ అన్న మాట నేతన్నల గుండెల మీద కూర్చుంది. మన సొంత సంఘమైనా, మన ఓటుతో గెలిచినవాడు కుర్చీలో ఉన్నా, గీత దాటిన లోడు కాగితం దగ్గర అంత కష్టపెట్టింది.

వెనకటి బాకీ మీద న్యాయస్థానం ఏమందో కూడా తెలియాలి. తప్పుడు వర్గంలో బిల్లు వేసి, ఏళ్ళ తర్వాత తేడా అడిగిన అజ్మీర్ విద్యుత్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. తప్పు బయటపడ్డాక అదనపు బిల్లు వేయొచ్చు. అయితే సెక్షన్ 56లోని రెండేళ్ళ గడువు దాటిన బాకీకి కరెంటు కోసే ఆయుధం వాడకూడదు. వసూలుకు వేరే దారి చూసుకోవాలి. మనవాళ్ళు దీన్ని రెండేళ్ళు దాటితే బాకీ పోయినట్టే అని చెప్పుకుంటున్నారు. బాకీ పోదు, కరెంటు పోదు అంతే.

పగటి రేటు, రాత్రి రేటు సంగతి క్లుప్తంగా చెబుతాం. స్మార్ట్ మీటరు ఉన్న ఇళ్ళకు పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా వాడిన యూనిట్‌పై 80 పైసల నుంచి రూపాయి దాకా తగ్గింపు ఉంటుందని మహావితరణ్ 2025 జూలైలో చెప్పింది. నెలకు పగటిపూట 30 యూనిట్లు వాడే ఇంటికి అది 24 నుంచి 30 రూపాయలు. వాషింగ్ మిషను, నీళ్ళ మోటారు పగలు నడుపుకుంటే మంచిదే. సాంచాకు ఇది కుదరదు. కేంద్ర నియమం 10 కిలోవాట్లు దాటిన వ్యాపార, పారిశ్రామిక వాడకానికి ఎండ ఉన్న వేళ తక్కువ, సాయంత్రం రద్దీ వేళ కనీసం ఇరవై శాతం ఎక్కువ అంటున్నది. పన్నెండు గంటల రెండు షిఫ్టుల ఊళ్ళో సాయంత్రం సాంచా ఆపి కార్మికుడిని ఇంటికి పంపేదెవరు? రాత్రి షిఫ్టు కూలి మీద ఇది పడకూడదని మా సంఘం గట్టిగా అంటున్నది. కమిషన్ రేట్లు మార్చే ముందు ప్రజల అభ్యంతరాలు పిలుస్తుంది, ఎవరైనా రాసి పంపొచ్చు. ఇచల్‌కరంజీ, మాలేగావ్, సోలాపూర్ సాంచాలవాళ్ళకూ ఇదే ప్రశ్న. నలుగురూ ఒకే కాగితం మీద రాస్తే దానికి బరువు ఉంటుంది.

ఇక పేరు. మన ఇళ్ళలో చాలా మీటర్లు ఇంకా తాతగారి పేరునే ఉన్నాయి. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా బిల్లు ఆయన పేరునే వస్తుంది, మనం కడుతూనే ఉంటాం. గాలాలలో మీటరు సేఠ్ పేరున ఉంటుంది. భాడాకు తీసుకున్న ఆసామి యూనిట్ల డబ్బు సేఠ్ చేతికిస్తాడు. ఇంకొన్ని చోట్ల ఇల్లు అమ్మి ఊరు వెళ్ళిపోయిన మనిషి పేరే నడుస్తున్నది. ఇన్నాళ్ళూ ఇది పెద్ద అడ్డు కాలేదు. రీడింగ్ తీసే మనిషి గుమ్మంలోకి వచ్చేవాడు, “ఈసారి ఎక్కువ పడింది, చూసుకోండి” అని ఒక మాట అనేవాడు. కాగితం బిల్లు ఆ గుమ్మంలోనే పడేది. పేరు ఎవరిదైనా కబురు మనకే అందేది.

కొత్త పద్ధతిలో కబురు గుమ్మానికి రాదు, నమోదైన ఫోన్‌కు పోతుంది. రోజువారీ రీడింగ్ చూసుకునే హక్కు నియమాల్లో ఉంది, కానీ అది ఖాతా తెరవగలిగినవాడికి. తాతగారి పేరున ఏ నంబరు రాయించారో ఎవరికి గుర్తు? లోడు దాటిందన్న హెచ్చరిక సేఠ్ ఫోన్‌కు వెళితే ఆసామికి తెలిసేది జరిమానా పంచేటప్పుడే. కొడుకులు హైదరాబాద్‌లోనో పుణెలోనో ఉండి, ఇంట్లో అమ్మానాన్నలు మాత్రమే ఉన్న ఇళ్ళలో ఎవరి నంబరు ఇవ్వాలన్నది కూడా కూర్చొని మాట్లాడుకోవాల్సిన విషయమే. మా సలహా, ఇంట్లో ఉండేవాళ్ళ నంబరే ఇవ్వండి. మెసేజ్ మరాఠీలో వచ్చినా ఇంగ్లీషులో వచ్చినా మనవడో మనవరాలో చదివి చెబుతారు.

పేరు మార్పించాలంటే మన తెలుగువాళ్ళకు ఇంకో చిక్కు ఉంది, వేరేవాళ్ళకు అంతగా ఉండదు. మనకు ఇంటిపేరు ముందు. ఇక్కడ మనిషి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. కరీంనగర్ బడి సర్టిఫికెట్‌లో ఒక వరస, ఇక్కడి రేషన్ కార్డులో ఇంకో వరస, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి మరో వరస. మీటరులో ఏ గుమాస్తా ఎలా విన్నాడో అలా. మేము ఉద్యోగమంతా ఇలాంటి కాగితాల మధ్యనే గడిపాం కనుక చెబుతున్నాం, ఆఫీసుకు మూడు పేర్లు మూడు మనుషులు. మూడూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి, మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకారం జతచేసి ఒకసారి పూర్తి చేసుకుంటే మళ్ళీ ఆ బాధ ఉండదు. తాతగారి మీద గౌరవంతో పేరు అలాగే ఉంచామనేవాళ్ళు కూడా ఉన్నారు. ఫోటో గోడ మీద ఉంచండి, మీటరు మీద వద్దు.

అద్దెకున్నవాళ్ళు మాకేం హక్కు అనుకోవద్దు. విద్యుత్ చట్టం సెక్షన్ 43 యజమాని అడిగినా, ఆ చోట ఉన్నవాడు అడిగినా కరెంటు ఇవ్వాలంటున్నది. మహారాష్ట్ర నుంచే వెళ్ళిన ఒక కేసులో 2022 మేలో సుప్రీంకోర్టు, ఇంటివాడు ఒప్పుకోలు రాయలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు కాదనకూడదని చెప్పింది. అతడు ఆ చోట ఉంటున్నాడా లేదా అన్నదే సంస్థ చూడాలి. సేఠ్‌తో సంబంధం చెడుతుందని భయపడేవాళ్ళు కనీసం నెలనెలా మీటరు ఫోటో తీసి పెట్టుకోండి. పాత గాలా కొనేవాళ్ళు మాత్రం కరెంటు బాకీ చూడకుండా బయానా ఇవ్వొద్దు. పాత యజమాని బాకీ కొత్తవాడిని అడిగే నియమం చెల్లుతుందని 2023 మేలో అదే కోర్టు చెప్పింది.

మీటరు మార్చడానికి మనిషి వచ్చిన రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. పాతదాని చివరి రీడింగు, కొత్తదాని మొదటి రీడింగు, రెండింటి నంబర్లు, సీలు ఉన్నదీ లేనిదీ రాసిన కాగితం అడిగి తీసుకోండి, ఫోటో కూడా తీయండి. తర్వాత తేడా వస్తే మొదట టోరెంట్ ఆఫీసులో రాతపూర్వక ఫిర్యాదు, రసీదుతో. తీరకపోతే మహావితరణ్ వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం. అక్కడా కాకపోతే ఫోరం ఉత్తర్వు వచ్చిన 60 రోజుల్లోపు ముంబైలోని విద్యుత్ అంబుడ్స్‌మన్. వకీలు లేకుండానే ఈ రెండు చోట్లా మాట్లాడొచ్చు. ఫ్రాంచైజీ ఒప్పందం గడువు 2027 జనవరి దాకా. ఆ తర్వాత కుర్చీలో ఎవరున్నా మీ పేరు, మీ లోడు, మీ రీడింగుల కాగితం మీ దగ్గరే ఉండాలి.

బిల్లు చదవడం రాక ఆగిపోయినవాళ్ళు పాత బిల్లు ఒకటి, కొత్తది ఒకటి, ఆధార్ నకలు పట్టుకొని సంఘం ఆఫీసుకు రండి. లోడు ఎక్కడ రాసి ఉందో, ఏ నంబరు నమోదైందో ముందు చూద్దాం. పేరు మార్పు దరఖాస్తు మరాఠీలో నింపి ఇస్తాం. గాలావాళ్ళు మోటార్ల మీద ఉన్న హెచ్‌పీ అంకెలు సాంచా వారీగా ఒక చీటీ మీద రాసుకొని రండి, అంచనాతో చెప్పొద్దు.